నల్లటి ఒళ్ళు, తెల్లటి అంచు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. కొత్తగా చేసిన కత్తి ఏళ్ళ తరబడి వాడినట్టు నల్లగా, గరుగ్గా కనిపించాలంటే ఏం చెయ్యాలి? అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట: మా నాన్న పెడన దగ్గర ఒక పల్లెలో కమ్మరి. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాను పట్టీల షెడ్డులో చాలా ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు సొంతంగా వంటింటి కత్తులు, తోటపని కత్తులు చేస్తున్నాను. కింద రాసినదంతా నా బల్ల మీద నేను చేసి చూసినదే.

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లారీ కమాను పట్టీ ముక్కతో మొదటి కత్తి చేశాను. నదిలో రాళ్ళ మధ్య అరిగినట్టుండే నలుపు రావాలని నిమ్మరసం, ఉప్పు కలిపి రాసి రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే ఎర్ర తుప్పు. తుడిస్తే పోతుంది, రెండు రోజుల్లో మళ్ళీ వస్తుంది. చేతికి కూడా అంటుకుంటోంది. కత్తి పాడైనట్టేనా? — ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: పాడవలేదు తమ్ముడూ, టెన్షన్ పడకు. నిమ్మరసం వల్ల నష్టం లేదు, ఉప్పు వల్లే వచ్చింది చిక్కంతా. ఉప్పులోని క్లోరైడ్ ఇనుము మీది సన్న గుంటల్లో దాక్కుంటుంది. పైన ఎంత తుడిచినా అది లోపలే ఉండి, గాలిలో తేమ తగిలినప్పుడల్లా మళ్ళీ తుప్పు పుట్టిస్తుంది. ముందు దాన్ని బయటికి తియ్యాలి. పిడి ఇంకా బిగించలేదు కదా? బిగించి ఉంటే విప్పు. ఒక పాత గిన్నెలో నీళ్ళు పోసి రెండు చెంచాల వంటసోడా వేసి, కత్తిని అరగంట మరగనివ్వు. బ్రష్షుతో రుద్ది, మంచి నీళ్ళతో ఇంకోసారి మరిగించు. వంద డిగ్రీల వేడికి పదునుకు ఏమీ కాదు, ఎందుకంటే నువ్వు టెంపరింగ్ (గట్టిపడ్డ ఇనుమును మళ్ళీ మెల్లగా వేడిచేసి పెళుసుదనం తగ్గించడం) చేసింది రెండు వందల డిగ్రీల దగ్గర. కానీ పిడి అతికించే అరాల్డైట్ లాంటి జిగురు మాత్రం ఆ నీళ్ళలో మెత్తబడుతుంది. అందుకే ముందుగా విప్పమన్నాను.

ఇప్పుడు అసలు విషయం. ఎర్ర తుప్పు, నల్ల పొర రెండూ ఇనుము, ఆక్సిజన్ కలిసి తయారైనవే. ఎర్రది గుల్లగా ఉంటుంది, నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది, కింద ఇనుమును తింటూ పోతుంది. నల్లది, అంటే మాగ్నెటైట్, చిక్కగా అతుక్కుని ఉండి తేమను కొంతవరకు ఆపుతుంది. మనం చేసే పనంతా ఎర్రదాన్ని రానివ్వకుండా, లేదా వచ్చినదాన్ని నల్లదానిగా మార్చి నిలబెట్టడమే. పలుచగా, సమానంగా ఎర్ర తుప్పు పట్టిన ఇనుమును మామూలు నీళ్ళలో ఇరవై ముప్పై నిమిషాలు మరిగిస్తే నీ కళ్ళ ముందే నల్లబడుతుంది. తుపాకీ గొట్టాలకు పాతకాలంలో నలుపు తెచ్చిన పద్ధతుల్లో ఇదొకటి. బోరు నీళ్ళయితే తెల్లటి మచ్చలు పడతాయి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడు.

నువ్వు అడిగిన ఫినిష్‌కు మూడు పనులున్నాయి. ఒళ్ళు సమానం చెయ్యడం, నలుపు ఎక్కించడం, రాళ్ళతో అరగదీయడం. చాలామంది మొదటి పని ఎగ్గొడతారు. "ఎలాగూ గరుగ్గా ఉండాలి కదా, గ్రైండర్ గీతలు ఉంటే ఏం" అనుకుంటారు. యాసిడ్‌లో పెట్టి తీశాక ఆ గీతలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. చిన్న గీతల్ని రాళ్ళు దాచేస్తాయి గానీ, అరవై నంబరు బెల్టు వేసిన లోతైన గీతను ఏదీ దాచదు. కాబట్టి ఎమరీ పేపర్‌తో, 120 తర్వాత 220 నంబరు, చివరికి 400 వరకు, అన్ని గీతలూ ఒకే దిక్కుకు వచ్చేలా రుద్దు. ఒక్కో వైపుకు నాకు గంటకు తక్కువ పట్టదు. ఆ తర్వాత సబ్బుపొడితో కడిగి, వేళ్ళు తగలకుండా పట్టుకో. వేలిముద్రలోని జిడ్డు ఉన్నచోట యాసిడ్ పట్టదు, అక్కడ నీ వేలి ఆకారమే మిగులుతుంది.

నలుపుకు నేను వాడేది, పైన యాసిడ్ అన్నది, ఫెర్రిక్ క్లోరైడ్. సర్క్యూట్ బోర్డుల పనికి వాడతారు గనుక ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. చిక్కటి ద్రావణమైతే ఒక వంతుకు మూడు నాలుగు వంతుల నీళ్ళు. గడ్డలుగా దొరికితే నీళ్ళలో కొంచెం కొంచెంగా వెయ్యి. గడ్డల మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది. ప్లాస్టిక్ డబ్బా, రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు, తలుపులు తెరిచిన గది, ఈ నాలుగూ లేకుండా మొదలుపెట్టకు. కత్తిని నైలాన్ దారంతో వేలాడదీసి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, తీసి, సన్న స్టీల్ ఊలుతో మెల్లగా రుద్ది, మళ్ళీ ముంచు. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే ముదురు బూడిద రంగు దాటి నలుపు వస్తుంది. వెంటనే వంటసోడా నీళ్ళలో వెయ్యి, నురుగు ఆగేదాకా ఉంచు. దీనిలోనూ క్లోరైడే ఉంది, నీ ఉప్పులాగే. అందుకని చివర మంచి నీళ్ళలో మరిగించడం తప్పనిసరి. వాడిన ద్రావణాన్ని సింకులో పోయకు, లోహపు గొట్టాల్ని తినేస్తుంది.

టాయిలెట్ కడిగే యాసిడ్ వాడవచ్చా అని ఇంకో ముగ్గురు అడిగారు. వద్దు. ఒకప్పుడు నేను దాన్ని మూత సరిగ్గా పెట్టకుండా షెడ్డులో వదిలి ఇంటికెళ్ళాను. తెల్లారేసరికి ఆకురాళ్ళు, డ్రిల్ బిట్లు, నాన్న ఇచ్చిన పట్టకారు అన్నీ ఎర్రగా తుప్పు పట్టాయి. ఆవిరి ఇనుమునే అంత చేస్తే ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఆలోచించు.

మూడో పని రాళ్ళది. నాలుగంగుళాల పీవీసీ గొట్టం రెండడుగుల ముక్క తీసుకుని రెండు వైపులా మూతలు పెట్టు. మూడో వంతు వరకు గులకరాళ్ళు. నేను కృష్ణ ఒడ్డున ఏరుకున్నవి వాడతాను, గోళీ అంత నుంచి చింతగింజ అంత వరకు. కొంచెం నీళ్ళు, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. కత్తి వేసి మూత బిగించి, నేల మీద అటూ ఇటూ దొర్లిస్తూ పదిహేను నిమిషాలు. రాయి ఎత్తుగా ఉన్న చోటును మాత్రమే తాకుతుంది. అక్కడ నలుపు పోయి మెరుపు వస్తుంది. గుంటలో నలుపు అలాగే ఉంటుంది. ఆ తేడానే మన కంటికి "ఏళ్ళ వాడకం" అనిపిస్తుంది. ఇదంతా అయ్యేదాకా అంచుకు పదును పెట్టకు. పెడితే రాళ్ళు దాన్ని మొద్దు చేస్తాయి, తీసేటప్పుడు నీ చెయ్యి తెగుతుంది.

ఇంకా లోతైన గుంటలు కావాలంటే, యాసిడ్‌కు ముందు గోళ్ళ రంగుతో ఒళ్ళంతా అక్కడక్కడ చుక్కలు, మరకలు వేసి ఆరనివ్వు. రంగు ఉన్నచోట ఇనుము నిలుస్తుంది, లేనిచోట దిగుతుంది. అరగంటో ముప్పావుగంటో ఉంచాక థిన్నర్‌తో రంగు తుడిచి, మళ్ళీ ఐదు నిమిషాలు ముంచు. అంచు నుంచి కనీసం అర సెంటీమీటరు మేర మొత్తం రంగు పూసి కాపాడుకో. గుంట అంచు దాకా వస్తే, సాన పట్టిన ప్రతిసారీ అక్కడ చిన్న పన్ను ఊడినట్టు అవుతుంది. ఆ కత్తి టమాటాను కొయ్యదు, చీలుస్తుంది.

యాసిడ్ కొనడం ఇష్టం లేనివాళ్ళకు ఒక మెత్తటి దారి ఉంది, అది మా ఊరి నుంచి తెచ్చుకున్నది. పెడనలో కలంకారీ అద్దకం వాళ్ళు నలుపు కోసం పాత ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. గుడ్డను ముందే కరక్కాయ రసంలో తడిపి ఉంచుతారు. ఇనుప నీళ్ళు కరక్కాయను తాకిన చోట నల్లబడుతుంది. నాన్న కొలిమిలో మిగిలిన తుక్కు సంచుల్లో వేసి వాళ్ళకు ఇచ్చి రావడం చిన్నప్పుడు నా పని. ఎన్నో ఏళ్ళ తర్వాత నాకు తట్టింది, గుడ్డ మీద జరిగేదాన్ని ఇనుము మీదే చెయ్యొచ్చు కదా అని. కత్తిని వెనిగర్‌లో గంటసేపు ఉంచి, కడిగి, కరక్కాయ పొడి మరిగించిన చిక్కటి కషాయం కుంచెతో రాశాను. నీలం కలిసిన నలుపు వచ్చింది. కరక్కాయ లేకపోతే చిక్కటి టీ డికాక్షన్ కూడా పనిచేస్తుంది, కాస్త తేలిగ్గా వస్తుంది. యాసిడ్ అంత లోతుగా పట్టదు, వాడేకొద్దీ తేలిపోతుంది. కానీ మళ్ళీ రాయడం పది నిమిషాల పని.

ఒక జాగ్రత్త. పాత కమాను పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి. లక్షల సార్లు వంగి లేచిన ఇనుము అది. యాసిడ్‌లోంచి తీశాక సన్నటి నల్ల గీత ఒకటి వంకరగా, ఎంత రుద్దినా పోకుండా కనిపిస్తే అది పగులు కావచ్చు. మొదటి కత్తి అని ప్రేమతో దాన్ని అలాగే ఉంచుకోకు, పక్కన పెట్టెయ్యి. షెడ్లలో కొత్త పట్టీలు కోసినప్పుడు మిగిలే ముక్కలు అడిగితే ఇస్తారు.

ప్రశ్న: అన్నగారూ, ఎగ్జిబిషన్‌లో చేత్తో చేసిన నల్లటి కత్తి కొన్నాను. ఉల్లిపాయ కోస్తే ముక్కలకు నలుపు అంటుతోంది, నిమ్మకాయ కోసిన చోట తెల్లబడింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వాడవచ్చా? — ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ఆ నలుపు ఏమిటన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇనుము మీద సహజంగానో, వెనిగర్ లాంటి వాటితోనో వచ్చిన నలుపు అయితే భయం లేదు, అది మన ఇనుప మూకుడు మీద ఉండేలాంటిదే. కొత్తలో కొంచెం అంటుతుంది, పులుపు తగిలితే తెల్లబడుతుంది, వాడగా వాడగా కొత్త పొర ఏర్పడి స్థిరపడుతుంది. మామిడికాయ, చింతపండు, ఉల్లి ఇవన్నీ ఆ పొరను మార్చుతూనే ఉంటాయి. మా ఇంట్లో కత్తి మీద వేసవిలో మామిడికాయ కోసినప్పటి నీలి మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

కానీ కొందరు తుపాకుల కోసం అమ్మే "కోల్డ్ బ్లూ" మందు రాసి ఐదు నిమిషాల్లో నలుపు తెస్తారు. చాలా రకాల కోల్డ్ బ్లూలో సెలీనియం సమ్మేళనాలు ఉంటాయి. తిండి తగిలే కత్తికి అది వాడకూడదు, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఇంకొందరు మామూలు నల్ల పెయింటే వేస్తారు. గోటితో గీకండి. పొరలా, పెచ్చులా లేచి వస్తే అది పెయింటు. పెచ్చు లేవకపోతే చూసి చెప్పడం నావల్ల కూడా కాదు, కాబట్టి చేసినాయన్ని నేరుగా అడగండి: "దేనితో నలుపు తెచ్చారు?" తను చేసినదాన్ని దాచాల్సిన అవసరం లేనివాడు వెంటనే చెప్తాడు. జవాబు సరిగ్గా రాకపోతే 400 నంబరు ఎమరీ పేపర్‌తో ఆ నలుపు మొత్తం తీసేయించండి. కత్తి కత్తిలాగే ఉంటుంది, రంగు మాత్రమే పోతుంది.

వాడాక వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవండి. గిన్నెలతో పాటు సింకులో నానబెట్టకండి. పది రోజులకోసారి మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండు చుక్కలు రాస్తే చాలు. కొబ్బరినూనె కూడా పనిచేస్తుంది కానీ రోజూ వాడని కత్తి మీద అది కంపు కొడుతుంది.

ప్రశ్న: గ్యాస్ పొయ్యి మీద కాలిస్తే కత్తికి ఊదా, నీలం రంగులు వస్తున్నాయి, చాలా అందంగా ఉన్నాయి. ఇలా పాతదనం తేవచ్చా? — హైదరాబాద్

జవాబు: వద్దు. నీలం రంగు వచ్చిందంటే ఇనుము సుమారు మూడు వందల డిగ్రీలకు చేరిందని అర్థం. స్ప్రింగుకు ఆ మెత్తదనం పనికొస్తుంది, కత్తి అంచుకు పనికిరాదు. లేత గడ్డి రంగు దాటితే అంచు మెత్తబడటం మొదలైనట్టే. ఇప్పటికే అంచు దాకా నీలం పాకి ఉంటే, ఆ కత్తిని మళ్ళీ కొలిమిలో పెట్టి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మొదటి నుంచి టెంపరింగ్ చెయ్యాలి. ఎమరీ పేపర్‌తో రంగు పోతుంది కానీ పోయిన గట్టిదనం తిరిగి రాదు.

ప్రశ్న: సుత్తి గుంటలున్న జపాన్ కత్తులు చూశాను. నా కత్తి తయారైపోయింది, పదును కూడా పెట్టాను. ఇప్పుడు బాల్ పీన్ సుత్తితో కొట్టి ఆ గుంటలు తేవచ్చా? — ప్రొద్దుటూరు

జవాబు: చల్లటి, గట్టిపడిన ఇనుము మీద సుత్తి వేయకండి. అది గాజులా పగులుతుంది, ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. ఆ గుంటలు కొలిమిలో ఉన్నప్పుడే వేయాలి. ఆకారం అంతా వచ్చాక, చివరి రెండు మూడు కాల్పుల్లో, ఇనుము మందారం రంగులో ఉండగా, బాల్ పీన్ గుండ్రటి వైపుతో వెన్ను నుంచి సగం వెడల్పు వరకు మాత్రమే. బలంగా కాదు, సుత్తిని తన బరువుతో తాను పడనివ్వాలి. ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా వేస్తే చేప పొలుసుల్లా వస్తాయి. కాల్చిన ప్రతిసారీ పైన వచ్చే చిట్టెం పొరను వైరు బ్రష్షుతో దులిపి కొట్టండి. లేకపోతే సుత్తి ఆ పొరను లోపలికి దిగ్గొడుతుంది, తర్వాత అది రాలిపోయి వికారమైన గాట్లు మిగులుతాయి. దాకలి, అంటే ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ, కూడా నున్నగా ఉండాలి. నా దాకలి మీద ఒక పాత గంటు ఉంది, దాని అచ్చు ఎన్ని కత్తుల మీద పడిందో లెక్కలేదు.

ఈ గుంటల పని అందం ఒక్కటే అనుకోకండి. దోసకాయ, బంగాళదుంప కోసినప్పుడు ముక్క కత్తికి అతుక్కోకుండా మధ్యలో కాస్త గాలి ఆడుతుంది. జపాన్‌లో ఈ సుత్తి గుంటల్ని త్సుచిమే అంటారు, కొలిమి నలుపును అలాగే వదిలేసిన ఒళ్ళును కురోఉచి అంటారు. అక్కడ తోసా ప్రాంతపు కమ్మర్లు రైతులకు, అడవి పనివాళ్ళకు చేసిన పనిముట్లు ఇలాగే ఉంటాయి. నలుపు తీయడానికి టైము, కూలీ ఎందుకు దండగ అని వదిలేశారు, అది తుప్పును కూడా ఆపింది.

ఆ జపాన్ పనిముట్ల గురించి చదివినప్పుడల్లా నాకు మా ఊరి కొడవళ్ళు గుర్తొస్తాయి. సంక్రాంతికి ముందు కోతల రోజుల్లో నాన్న రోజుకు ఎన్నో కొడవళ్ళు కొట్టేవాడు. ఒళ్ళంతా కొలిమి నలుపు, అంచు ఒక్కటే ఆకురాయితో తెల్లగా తీసేవాడు. కల్లు గీసే కత్తి, మచ్చుకత్తి, ఏదైనా అంతే. చెయ్యి పనిచేసిన చోట తెలుపు, పని అక్కర్లేని చోట నలుపు. దాన్ని ఎవరూ ఫినిష్ అని పిలవలేదు, దానికి ఎక్కువ డబ్బులూ ఇవ్వలేదు. ఇప్పుడు విదేశాల్లో దాన్ని బ్రూట్ డి ఫోర్జ్ అనే ఫ్రెంచి పేరుతో గొప్పగా చెప్పుకుంటుంటే నాకు సంతోషమే గానీ, నాన్న ఉండగా ఆ మాట విని ఉంటే బాగుండేదనిపిస్తుంది.

తయారైపోయిన మీ కత్తికి ఇప్పుడు గరుకుదనం కావాలంటే ఒకటే దారి. యాంగిల్ గ్రైండర్‌తో గానీ చిన్న రాయితో గానీ వెన్ను వైపు పలుచగా గాట్లు తీసి, అంచు పదును తీసేసి, తర్వాత పైన చెప్పిన నలుపు, రాళ్ళ పని. రుద్దేటప్పుడు చేతికి వేడి తగిలితే నీళ్ళలో ముంచుతూ ఉండండి.

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. మా వైపు ఉక్కుతో చేసిన పాత కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలుంటాయని విన్నాను. నా కత్తి మీద యాసిడ్‌తో అవి గీయవచ్చా?

జవాబు: గీయవచ్చు, గోళ్ళ రంగుతో గీసి యాసిడ్‌లో పెడితే ఏ బొమ్మైనా వస్తుంది. కానీ అది ఆ గీత కాదు. మీ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఆ ఉక్కు తయారీకి పేరున్న ఊరు. పర్షియా వర్తకులు దాని కోసం అక్కడికి వచ్చేవారు. 1820ల నాటికి హెన్రీ వాయ్‌సే అనే ఆంగ్లేయుడు అక్కడి మూసల పని స్వయంగా చూసి రాసిపెట్టాడు. ఇనుమును మట్టి మూసలో మూసిపెట్టి కరిగించి, నిదానంగా చల్లార్చేవారు. అలా వచ్చిన ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. మన కమాను పట్టీలో అర శాతం పైచిలుకు మాత్రమే. ఆ ఎక్కువ కార్బన్ గట్టి రేణువులుగా వరుసలు కట్టి, సుత్తి దెబ్బలకు అలలుగా సాగింది. 1998లో జాన్ వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి, ఆ వరుసలు కట్టడానికి ఖనిజంలో అతి కొద్దిగా ఉన్న వనాడియం లాంటి లోహాలు కారణమని చూపించారు. అంటే ఏ గనిలో మట్టి తవ్వారన్నది కూడా కత్తి మీద కనిపిస్తుందన్నమాట.

ఆ కత్తుల్ని కూడా చివర్లో మందునీళ్ళతో కడిగే గీతలు బయటికి తెచ్చారు. యాసిడ్ అక్కడ లోపల ఉన్నదాన్ని చూపించింది, లేనిదాన్ని గీయలేదు. మీకు లోపలి నుంచి వచ్చే గీతే కావాలనిపిస్తే రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా అతికించి కొట్టే పద్ధతి నేర్చుకోండి. నికెల్ ఉన్న పొర ఫెర్రిక్ క్లోరైడ్‌లో తెల్లగా నిలుస్తుంది, మామూలు కార్బన్ ఉక్కు పొర నల్లబడుతుంది. అది కోనసముద్రం ఉక్కు కాదు, కానీ నిజమైన గీతే. దాని గురించి ఇంకోసారి వివరంగా రాస్తాను.

స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తికి ఇవన్నీ ఎందుకు పట్టడం లేదని ఇద్దరు అడిగారు. అందులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది కంటికి కనపడని కవచంలా పైన పొర కడుతుంది. టీ, కరక్కాయ, వెనిగర్ దాన్ని దాటలేవు.

ప్రశ్న: నా కత్తులు చూసినవాళ్ళు వందేళ్ళ నాటివి అనుకుంటున్నారు. ఒక వ్యాపారి, పాత సామానుగా అమ్ముదాం, మూడు రెట్లు ధర వస్తుంది అంటున్నాడు. మీ సలహా? — గుంటూరు

జవాబు: ఒప్పుకోకండి. పిడి బిగించే ముందు, వెన్ను మీద మీ గుర్తు, చేసిన సంవత్సరం చెక్కండి, పిడి కింద దాగే చోట కాదు, పైన కనిపించేలా. నా ప్రతి కత్తి మీద ఉంటుంది. పాతగా కనిపించడం కొన్నవాడికి ఇష్టం, అందులో తప్పేమీ లేదు. ఎప్పుడు పుట్టిందో అబద్ధం చెప్పడం మాత్రం మోసం. పైగా పాత కత్తుల్ని నిజంగా చూసిన కన్ను ఇట్టే పట్టేస్తుంది. అసలు పాత కత్తి అన్నిచోట్లా ఒకేలా అరగదు. కుడిచేతి మనిషి వాడితే ఒక వైపే ఎక్కువ సాన పడుతుంది, బొటనవేలు ఆనే చోట వెన్ను నున్నబడుతుంది, పిడి అరచేతి మధ్యలో సన్నబడుతుంది, మడమ వైపు, అంటే పిడి దగ్గరి, మూల మాత్రం కొత్తగానే ఉంటుంది. రాళ్ళ గొట్టం ఇవేవీ చెయ్యలేదు.

పొడవు గురించి కూడా గుర్తుంచుకోండి. తొమ్మిది అంగుళాలు దాటిన లేదా రెండంగుళాల వెడల్పు దాటిన అలుగు (కత్తి రేకు), ఇంటి పనికో వ్యవసాయానికో ఉద్దేశించినది కాకపోతే, ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. అలాంటి ఆర్డరు వస్తే ముందు పోలీస్ స్టేషన్‌లో అడిగి చెయ్యండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఈసారి ఇండియా వచ్చినప్పుడు అమలాపురం దగ్గర మా పాత ఇంటి అటక మీద నాయనమ్మ కత్తిపీట దొరికింది. పీట పగిలింది, కత్తి అంతా తుప్పు. అంచు మధ్యలో లోపలికి వంగి ఉంది. మా అబ్బాయి దాన్ని కొత్తదానిలా మెరిపిద్దాం అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేమంతా యాసిడ్లు, రాళ్ళు పెట్టి తేవాలని తంటాలు పడుతున్నది మీ అటక మీద దానంతటదే తయారై ఉంది. మీ అబ్బాయికి చెప్పండి, గ్రైండర్ పెడితే పది నిమిషాల్లో అది పోతుంది, మళ్ళీ ఎవరూ తేలేరు.

తుప్పు అలాగే వదిలెయ్యమనడం లేదు. ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత కిరోసిన్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఒక రోజు ఉంచి, గట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దండి. వదులుగా ఉన్న ఎర్రదంతా వచ్చేస్తుంది. కత్తి పీటలోంచి తేలిగ్గా ఊడితే సబ్బుతో కడిగి డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట మరిగించండి, మిగిలిన ఎరుపు నల్లబడుతుంది. ఊడకపోతే బలవంతంగా లాగకండి, పాత ఇనుము మెడ దగ్గర విరుగుతుంది. అప్పుడు మరిగించడం మానేసి, లిక్విడ్ పారాఫిన్ రాసి, తుడిచి, ఇంకోసారి రాయండి. కొన కొబ్బరికోరు పళ్ళ మధ్య తుప్పును టూత్‌బ్రష్షుతో తీయండి, పళ్ళకు ఆకురాయి వేయకండి.

పీట పగులును జిగురుతో అతికించి కింద రెండు అడ్డచెక్కలు వేస్తే నిలుస్తుంది. చెక్కకు నూనె పట్టించాలనుకుంటే పెయింటు షాపులో దొరికే లిన్‌సీడ్ ఆయిల్ మంచిది. అది రాసిన గుడ్డల్ని మాత్రం ఉండలా చుట్టి చెత్తబుట్టలో పడెయ్యకండి. అది ఆరేటప్పుడు వేడి పుట్టి దానంతటదే నిప్పంటుకుంటుంది. విప్పి బయట ఆరబెట్టి, నీళ్ళలో తడిపి పారెయ్యండి.

ఇక మధ్యలో వంపు. కత్తిపీటలో కూరగాయను కత్తి మీదికి తోస్తాం గనుక అంచు మధ్యభాగమే ఎక్కువ పనిచేస్తుంది, అక్కడే ఎక్కువ సాన పడుతుంది. ఆ లోతు రావడానికి మీ నాయనమ్మకు ముప్పై నలభై ఏళ్ళు పట్టి ఉంటుంది. సాన పట్టేవాళ్ళు దాన్ని చూడగానే "సరిచేస్తాను" అంటారు, అంటే మిగతా అంచంతా ఆ లోతుకు అరగదీస్తారు. ఒప్పుకోకండి. వేలెడంత చిన్న సానరాయి తీసుకుని, పీటను గోడకు ఆనించి, ఆ వంపు వెంటే రాయిని నడిపించండి. రెండు వైపులా ఇరవై ఇరవై సార్లు. అంచు తెల్లబడగానే ఆపండి.